ఇనుప మనుషుల కోసం ఏడ్చిన రోజులు

సినిమా రోబోలు మన సానుభూతికి అర్హమైనవేనా అని ఎవరైనా అడిగితే నాకు ముందు నా చిన్నతనమే గుర్తొస్తుంది. టీవీ ముందు కూర్చుని నేను మొదటిసారి ఏడ్చింది జెయింట్ రోబో కోసం. ఎనభైల్లో దూరదర్శన్ చూసినవాళ్లకి ఆ పేరు చెప్తే చాలు, మొహాలు వెలుగుతాయి. జపాన్‌లో 1967-68లో తీసిన సీరియల్ అది, మొత్తం 26 ఎపిసోడ్లు, మన దగ్గరికి ఇంగ్లీషు మాటలు తగిలించుకుని చాలా ఏళ్లకి వచ్చింది. మాకు ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా కథ తెలిసిపోయేది, ఎందుకంటే తెలుసుకోవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఒక కుర్రాడు, వాడి చేతికి ఒక వాచీ, ఆ వాచీలోకి వాడు ఏం చెప్తే అది చేసే తాటిచెట్టంత రోబో. ఈజిప్టు రాజుల బొమ్మలకి ఉంటుందే, అలాంటి తలపాగా, కదలని మొహం. వేళ్ల చివర్ల నుంచి రాకెట్లు వెళ్లేవి. వారానికో వింత జంతువు ఊడిపడటం, ఊరు తొక్కెయ్యడం, కుర్రాడు వాచీలో అరవడం, రోబో ఎగిరొచ్చి దాన్ని చితక్కొట్టడం, అంతే.

మేం అప్పుడు విజయవాడ పటమటలో ఉండేవాళ్లం. మా ఇంట్లో టీవీ లేదు. వీధి చివర మేడ మీద ఒక మామ్మగారింట్లో డయనోరా బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది, జరిపే తలుపులున్న చెక్క పెట్టెలో. చెప్పులు మెట్ల దగ్గర వదిలి, కాళ్లు కడుక్కుని, చాప దాటి ముందుకి రామని ఒప్పుకుంటేనే లోపలికి రానిచ్చేవారు. ఇంటికొచ్చాక నేను నాన్న పాత హెచ్‌ఎంటీ వాచీ, ముల్లు తిరగనిది, చేతికి పెట్టుకుని మేడ మీద నిలబడి ఆకాశంలోకి ఆర్డర్లు వేసేవాణ్ణి.

ఆఖరి ఎపిసోడ్ మాత్రం వేరు. అంతరిక్షం నుంచి వచ్చిన చక్రవర్తి ఒకడు, పేరు గిలటిన్, వాడి ఒళ్లంతా అణుశక్తి నింపుకుని వస్తాడు. వాణ్ణి కాలిస్తే భూమి మొత్తం పేలిపోతుంది, కాల్చకపోతే వాడు చెప్పినట్టు వినాలి. అప్పుడు రోబో, ఎవరూ చెప్పకుండానే, వాణ్ణి పట్టుకుని ఆకాశంలోకి లేస్తుంది. కుర్రాడు వాచీలోకి వెనక్కి రమ్మని అరుస్తాడు. అన్ని వారాలూ ఆ గొంతు వినగానే కదిలిన రోబో ఆ ఒక్కసారి వినదు. వెళ్లి వెళ్లి ఒక ఉల్కకి గుద్దుకుని వాడితో పాటు పేలిపోతుంది.

చాప మీద ఉన్న పిల్లలందరం ఏడుపు. మామ్మగారు కంగారుపడిపోయి తలో కాసిని వేరుశనక్కాయలు పెట్టారు. ఇంటికొచ్చి అన్నం తినకుండా ముడుచుకుని పడుకుంటే నాన్న సంగతేంటని అడిగి, విని, చాలా సీరియస్‌గా ఆలోచించి, "నట్లూ బోల్టులేగా నాన్నా, ముక్కలు ఏరుకుని మళ్లీ బిగించుకుంటారులే" అన్నాడు. ఇది ఓదార్చడానికి చెప్పిన మాట కాదండోయ్. ఆయన నిజంగానే అలా అనుకునే మనిషి. ఆటోనగర్‌లో మాకు లేతు షాపు ఉండేది. విరిగిన యాక్సిల్, అరిగిన షాఫ్ట్, బోరు దెబ్బతిన్న సిలిండరు, రోజంతా ఆయన చేతిలోకి వచ్చేవన్నీ అందరూ ఇక పనికిరావని వదిలేసినవే. బాగుచెయ్యలేని ఇనుము ఉంటుందని ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఆ లేతు గురించి రెండు మాటలు చెప్పాలి. పంజాబ్‌లో బటాలా అని ఊరుంది, లేతులకి పేరు, అక్కణ్ణుంచి సెకండ్‌హ్యాండ్‌లో మా షాపుకి వచ్చింది అది. దసరాకి ఆయుధపూజ రోజున దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టేవాళ్లు. ఆ రోజు చక్ తిప్పకూడదు. ఏ లారీ డ్రైవరైనా వచ్చి అర్జంటు, ఒక్క పది నిమిషాల పని అని బతిమాలినా "ఇవాళ దానికి సెలవు" అనేవాడు నాన్న. ఆటోనగర్ మొత్తం ఆ రోజు అంతే, ఎప్పుడూ డమడమలాడే వీధుల్లో సాంబ్రాణి వాసన. కాబట్టి యంత్రం మీద మనసు పెట్టుకోవడం తప్పా ఒప్పా అనే చర్చ ఎవరైనా ఇంగ్లీషులో రాస్తే చదివి నాకు కొంచెం నవ్వొస్తుంది. మనవాళ్లు ఆ ప్రశ్న వేసుకోకుండానే స్కూటరుకి నిమ్మకాయ తొక్కించారు.

అయితే లేతుకి బొట్టు పెట్టడం వేరు, రోబో కోసం ఏడవడం వేరు అని నాకు ఇంటర్ చదివేటప్పుడు టెర్మినేటర్ 2 చూశాక అనుమానం మొదలైంది. 1991 సినిమా. బెజవాడలో ఇంగ్లీషు సినిమా అంటే అప్పుడు నవరంగో లీలామహలో, ఈ రెండిట్లో ఎందులో చూశామన్నది నాకూ మా స్నేహితుడికీ ఇప్పటికీ తెగని తగాదా. క్లైమాక్స్ అందరికీ తెలిసిందే. అన్నీ అయిపోయాక, తన తలలో ఉన్న చిప్పు కూడా ఉండకూడదని ఆ రోబో కరిగిన ఉక్కులోకి దిగిపోవడానికి సిద్ధపడుతుంది. తనని తాను చంపుకునే వీలు దానికి లేదు, కాబట్టి గొలుసు దించే మీట పిల్లాడి తల్లి సారా నొక్కాలి. పిల్లాడు ఏడుస్తూ వెళ్లొద్దంటాడు. అక్కడితో ఆగడు, ఇది నా ఆర్డర్ అంటాడు. సినిమా అంతా వాడు ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడింది, చంపొద్దంటే మోకాళ్ల మీద మాత్రమే కాల్చింది, ఈ ఒక్క ఆర్డర్ మాత్రం వినదు. మీరు ఎందుకు ఏడుస్తారో నాకిప్పుడు తెలిసింది, కానీ నేను మాత్రం ఏడవలేను అని దిగిపోతుంది. చివరికి ఉక్కు పైన బొటనవేలు.

హాల్లో అప్పటిదాకా ఈలలు. ఆ సీనులో ఎవడూ కదల్లేదు. బయటికొచ్చి సైకిళ్లు తీస్తుంటే మావాడు ముక్కు తుడుచుకుంటూ, "ఒరేయ్, మొదటి పార్టులో పోలీస్ స్టేషనంతా ఊడ్చేసింది వీడే కదరా" అన్నాడు. నిజమే. 1984లో వచ్చిన మొదటి పార్టులో అదే మొహం, అదే మోడల్, అదే నల్ల కళ్లద్దాలు. అప్పుడు ప్రెస్సు కింద నలిగిపోతే జనం చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఏడుస్తున్నాం. మధ్యలో ఆ యంత్రం మారిందా అంటే, దానికి ఆర్డర్లు ఇచ్చేది ఎవరన్నది మారింది. ఎదుటివాళ్ల పనిమనిషి అయితే రాక్షసుడు, మన పనిమనిషి అయితే దేవుడు. అప్పుడు ఇంత స్పష్టంగా తట్టలేదులెండి, సైకిల్ చైను ఊడితే ఎక్కించుకోవడంలో ఆ సంగతి అక్కడే వదిలేశాం.

డిగ్రీ అయ్యాక అందరిలాగే నేనూ అమీర్‌పేట వచ్చి పడ్డాను. తొంభైల చివర, ఏ గోడ మీద చూసినా ఒరాకిల్, జావా, వై2కే. సనత్‌నగర్‌లో పిన్నివాళ్లింట్లో ఉండేవాణ్ణి. వాళ్లకి కేబుల్ ఉండేది. స్టార్ ప్లస్‌లో హిందీ మాటలతో స్మాల్ వండర్ వచ్చేది. పిన్ని పిల్లలిద్దరికీ అదంటే ప్రాణం, నేనూ టిఫిన్ ప్లేటుతో వాళ్ల పక్కన చేరేవాణ్ణి. అమెరికాలో ఎనభైల్లో తీసిన కామెడీ. ఒక ఇంజినీరు పదేళ్ల ఆడపిల్లలా ఉండే రోబోని తయారుచేసి, కంపెనీకి తెలియకుండా ఇంటికి తెచ్చి, దత్తత తెచ్చుకున్న అమ్మాయి అని చెప్పి పెట్టుకుంటాడు. పేరు విక్కీ. ఎర్ర గౌను, తెల్ల పైగుడ్డ, గొంతులో ఎత్తుపల్లాలు లేని మాట. ఇల్లు తుడుస్తుంది, సోఫా ఒంటిచేత్తో ఎత్తుతుంది, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, రాత్రయితే కొడుకు గదిలో బీరువాలాంటి ఒక అల్మరాలో నిలబెట్టి తలుపేస్తారు. వెనకనుంచి నవ్వులు వినిపిస్తుంటాయి, మనమూ నవ్వుతాం.

పిన్నివాళ్లింట్లో అప్పుడు పనికి ఒక పిల్ల ఉండేది. పన్నెండేళ్లుంటాయేమో. పాలమూరు వైపు ఏదో ఊరు, వాళ్ల నాన్న వలస పనులకి పోతూ పిన్నివాళ్లకి తెలిసినవాళ్ల ద్వారా ఇక్కడ వదిలి వెళ్లాడు. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో ఇలా ఒక పిల్ల ఉండేది, ఎవరూ దాన్ని విడ్డూరంగా అనుకునేవాళ్లు కాదు. పిన్ని చెడ్డదేం కాదు, పండక్కి తన పిల్లలతో పాటే బట్టలు కొనేది, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్లేది. కానీ ఆ పిల్ల టీవీ చూడటం మాత్రం హాలుకీ వంటింటికీ మధ్య గడప మీద కూర్చుని. ఎవరూ అక్కడ కూర్చోమని చెప్పలేదు. తనే కూర్చునేది, పిలవగానే లేవడానికి వీలుగా.

ఒక రోజు విక్కీని అల్మరాలో పెట్టి తలుపేసే సీను వస్తోంది. ఆ పిల్ల నన్ను అడిగింది: "అన్నా, ఆమెకి అన్నం పెట్టరా?"

మిషన్ కదా, తినదు, కరెంటు చాలు అన్నాను. కాసేపు చూసి, "మంచిగుంది" అంది. ఏది మంచిగుందో, కరెంటుతో సరిపోవడమో, అల్మరాకి ఒక తలుపు ఉండటమో, అడగాలని తోచలేదు. తను పడుకునేది వంటింట్లో గ్యాసు సిలిండరు పక్కన. తర్వాత రెండేళ్లకో మూడేళ్లకో వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడని, పెళ్లి చేశారని పిన్ని చెప్పింది.

నాకు స్మాల్ వండర్ మీద కోపమేం లేదు, పిల్లల ప్రోగ్రాం. కానీ ఆ తర్వాత నేను చూసిన ప్రతి రోబో సినిమాలో ఆ గడప కనిపించడం మొదలైంది. ఇంట్లో మనిషిలానే, కానీ మనిషి కాదు, కష్టమంతా దానిది, ఆకలి దప్పుల గొడవ లేదు, ఎదురు చెప్పదు. కరెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో రాసిన నాటకంతోనే ఈ రోబో అనే జీవి లోకంలోకి వచ్చింది, అందులో కూడా అవి ఫ్యాక్టరీలో చవగ్గా చేసిన కూలీలే. మన దగ్గర అయితే ఈ వేషానికి రోబో అవసరం పడలేదు. పాత తెలుగు సినిమాల్లో నమ్మినబంటు ఉండేవాడు కదా. తెల్ల గెడ్డం, భుజాన తువ్వాలు, బాబుగారి కొడుకుని ఎత్తుకు పెంచినవాడు. క్లైమాక్స్‌కి ముందు విలన్ విసిరిన కత్తికి అడ్డం పడి, ఈ ఇంటి ఉప్పు తిన్నాను బాబూ అని హీరో ఒళ్లో తల వాల్చేస్తాడు. హాలంతా ముక్కులు చీదేది. ఆ ముసలాయనకి పెళ్లాం పిల్లలున్నారా, పొలముందా, ఆయన జీతమెంత అని ఎవరం అడగం. తరవాతి సీనులో హీరో పగ తీర్చుకోవడానికి బయల్దేరతాడు, అంతటితో ఆ చావు పని అయిపోతుంది.

జెయింట్ రోబో, టెర్మినేటర్, 1999లో వచ్చిన ఐరన్ జెయింట్, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింట్లోనూ ఒక పిల్లవాడు, వాడి మాట వినే ఒక ఇనుప మనిషి. మూడింట్లోనూ ఆఖర్న అది పిల్లవాణ్ణి వదిలి చావుకి ఎదురెళ్తుంది. ఐరన్ జెయింట్‌లో అయితే పిల్లాడు ఇంతకుముందు తనకి చెప్పిన మాటనే రోబో వాడికి తిరిగి చెప్తుంది, నువ్వు ఉండు, నేను వెళ్తా, వెంట రావద్దు అని, చెప్పి అణుక్షిపణికి ఎదురు వెళ్తుంది. (దాన్ని మా అమ్మాయి చిన్నప్పుడు ఇంట్లో ఎన్నిసార్లు పెట్టిందో, ప్రతిసారీ నేను ఆ టైముకి మంచినీళ్లకని లేచేవాణ్ణి.) అంటే ఈ సినిమాలు రోబోకి ఇచ్చే స్వేచ్ఛ మొత్తం కలిపి ఒక్కటే, మనకోసం చచ్చిపోవడానికి మాత్రం మన మాట కాదనొచ్చు. అదే రోబో నా కోసం నేను బతుకుతాను అని మాట కాదంటే? అప్పుడు అది విలన్. బ్లేడ్ రన్నర్ సినిమాలో రాయ్ బాటీ అనే కృత్రిమ మనిషి ఇంకొన్నాళ్లు ఆయుష్షు కావాలని అడిగినంతసేపూ మనం భయపడతాం, చివరి నిమిషంలో తనని చంపడానికొచ్చినవాణ్ణే చెయ్యి పట్టి పైకి లాగాక అప్పుడు జాలిపడతాం. జాలికి టికెట్ అది.

కాబట్టి సినిమా రోబోలు మన సానుభూతికి అర్హమైనవేనా అనే ప్రశ్న నా వరకు కొంచెం తిరగబడింది. తెర మీద రోబో లోపల ఎవరూ లేరు, ఉన్నది నటుడో, రబ్బరు బొమ్మో, కంప్యూటర్‌లో గీసిన బొమ్మో. మనం ఏడుస్తున్నది ఆ వేషం కోసం. ఆ వేషంలో వేరే ఎవరెవరు ఉన్నారని చూస్తే నాకు గెడ్డం తాత కనిపిస్తాడు, గడప మీద పిల్ల కనిపిస్తుంది. టెర్మినేటర్‌కి వచ్చిన కన్నీళ్లు వాళ్లకి ఎప్పుడైనా వచ్చాయా అంటే నాకు తెలిసి పెద్దగా రాలేదు.

ఇక మనిషికి జాలి పుట్టడానికి మొహం కూడా అక్కర్లేదని మానసిక శాస్త్రం వాళ్లు ఎప్పుడో చూపించారు. 1944లో హైదర్, సిమ్మెల్ అని ఇద్దరు అమెరికాలో ఒక చిన్న ఫిల్మ్ తీశారు. రెండు త్రిభుజాలు, ఒక చిన్న గుండ్రం, ఒక పెట్టె, అంతే. అవి అటూ ఇటూ కదులుతుంటాయి. చూసినవాళ్లని ఏం జరిగిందో రాయమంటే దాదాపు అందరూ కథ రాశారు, పెద్ద త్రిభుజం దుర్మార్గుడని, మిగతా రెండిటినీ వేధిస్తోందని. మూడు ఆకారాలకే ఇంత కథ అల్లుకునేవాళ్లం, టెర్మినేటర్ వేషంలో ఆర్నాల్డ్‌ని ఇస్తే ఊరుకుంటామా?

మొహం లేకుండా నన్ను ఏడిపించిన రోబో పేరు హాల్. 1968 నాటి స్పేస్ ఒడిస్సీ సినిమా నేను 2000 తర్వాత ఎప్పుడో కూకట్‌పల్లిలో బ్యాచిలర్ రూములో సీడీల్లో చూశాను. నాతో పాటు చూడటానికి కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు కోతులు ఎముకలు విసిరే సీనుకే నిద్రపోయారు. హాల్ అంటే అందులో అంతరిక్ష నౌకని నడిపే కంప్యూటర్, ఒక ఎర్ర లైటు, ఒక గొంతు. డగ్లస్ రెయిన్ అనే కెనడా నటుడి గొంతు, ఎంత మెత్తగా మాట్లాడతాడో. నౌకలో మనుషులందరినీ చంపేస్తుంది, మిగిలినవాడు ఒక్కడే, డేవ్. వాడు హాల్ ఉన్న గదిలోకి దూరి, స్క్రూడ్రైవర్ లాంటిది పట్టుకుని, దాని జ్ఞాపకాల పలకలు ఒక్కొక్కటే బయటికి లాగుతాడు. హాల్ అరవదు. ఆపు డేవ్ అంటుంది. నాకు భయంగా ఉంది అంటుంది. నా బుద్ధి పోతోంది, పోతున్నట్టు నాకు తెలుస్తోంది అంటుంది. మాట బరువెక్కుతూ, సాగుతూ, చివరికి తను పుట్టిన కొత్తల్లో నేర్పిన ఒక పాత ఇంగ్లీషు పాట పాడుతూ ఆగిపోతుంది. అది డైసీ బెల్ అనే పాట. 1961లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఐబీఎం 704 కంప్యూటర్ చేత నిజంగానే ఆ పాట పాడించారు, ఈ సినిమా కథ రాసిన ఆర్థర్ క్లార్క్ అక్కడికి వెళ్లినప్పుడు ఆ పాట విని, గుర్తుపెట్టుకుని కథలో వాడుకున్నాడు.

హాల్ ఎవరి కోసమూ త్యాగం చెయ్యలేదు. హంతకి. అది బతిమాలింది తన ప్రాణం కోసమే. అయినా ఆ సీనులో నేను హాల్ పక్షాన ఉన్నాను, డేవ్ ఊపిరి శబ్దం విసుగ్గా అనిపించింది. ఏ సేవా చెయ్యనిదాని మీద పుట్టిన జాలి కాబట్టి నాకున్న వాటిలో దీన్నే నిఖార్సైనదిగా లెక్కేసుకుంటాను. రూమ్మేట్ నిద్రలేచి "అయిపోయిందా? ఏమైంది?" అంటే "కంప్యూటర్ ఆపేశారు" అన్నాను. "ఓస్ అంతేనా" అని మళ్లీ పడుకున్నాడు.

2010 అక్టోబరులో రోబో వచ్చింది. తమిళంలో ఎందిరన్, తెలుగులో రోబో, శంకర్ తీసింది, రజనీకాంత్ రెండు వేషాలు, శాస్త్రవేత్త వశీకరణ్, వాడు తయారుచేసిన చిట్టి. నాన్నని అప్పటికి హైదరాబాద్ మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. లేతు అమ్మేసి కొన్నేళ్లయింది. అమ్మిన రోజు కొన్నవాళ్లు ట్రాలీ ఆటో తెస్తే, నాన్న బెడ్డుకి గ్రీజు రాసి, గోనెసంచి కప్పి, ఆ కుర్రాడికి "చలికాలం పొద్దున్నే పని పెట్టకు, కాసేపు ఖాళీగా తిప్పు, వేడెక్కాక పెట్టు" అని పదిసార్లు చెప్పి పంపించాడు.

రోబోకి అందరం వెళ్లాం. అమ్మాయికప్పుడు ఆరేళ్లు, రోబోలన్నీ కలిసి బంతిలా పాములా మారే సీనులకి కుర్చీలో నిలబడి గెంతింది. నాన్న మాత్రం అంతకుముందే ఒక సీను దగ్గర పాడైపోయాడు. చిట్టికి ప్రేమ పుడుతుంది, మిలిటరీవాళ్లకి చూపించాల్సిన రోజున తను చెయ్యాల్సింది చెయ్యకుండా కవిత్వం చెప్తుంది. వశీకరణ్‌కి పిచ్చికోపం వచ్చి గొడ్డలి తీసుకుని దాన్ని నరికి ముక్కలు చేసి చెత్తకుప్పలో పడేయిస్తాడు. నాన్న కుర్చీలో ముందుకి వంగి, నలుగురికీ వినపడేలా, "గొడ్డలేంట్రా? మిషన్‌ని గొడ్డలితో కొడతారా ఎవరన్నా?" అన్నాడు. ఆ తర్వాత సమోసా కూడా ముట్టుకోలేదు. "వాడే చేశాడు, వాడికే తెలుసు ఏ స్క్రూ ఎక్కడుందో. విప్పొచ్చుగా" అని దారిపొడుగునా అదే గొణుగుడు.

ఆయన బాధ ప్రేమ గురించో మనసు గురించో కాదు, పనితనం గురించి. చేసినవాడు చేసినదాన్ని అలా కొట్టకూడదు, అంతే. రోబోకి ఫీలింగ్స్ ఉంటాయా అని అడిగుంటే ఆయన నన్ను ఎగాదిగా చూసేవాడు. సానుభూతికి ఇదో దారి ఉందని నాకు ఏ విమర్శకుడు రాసిందాంట్లోనూ దొరకలేదు.

చిట్టి కథ కూడా చివరికి పాత దారికే వస్తుంది. తనకేదో కావాలని అడిగినంతసేపూ విలన్, ఎర్ర చిప్పు, చంపడాలు, పిల్లని ఎత్తుకెళ్లడాలు. ఎర్ర చిప్పు తీసేశాక మళ్లీ బుద్ధిమంతుడు. కోర్టు విప్పెయ్యమంటుంది. అప్పుడు తనని తనే విప్పుకుంటుంది, ఒక చెయ్యి, ఒక కాలు, మొహం, అందరికీ వీడ్కోలు చెప్తూ, తప్పులు ఒప్పుకుంటూ. ఆ సీను బాగా తీశారు, నాకూ గొంతు పట్టేసింది, కాదనను. నాన్నకి మాత్రం ఆ సీను నచ్చింది. "ఇదీ పద్ధతి. స్క్రూడ్రైవర్‌తో" అన్నాడు. అయితే ఇరవై ఏళ్ల తర్వాత మ్యూజియంలో ఒక స్కూలు పిల్ల దాన్ని ఎందుకు విప్పేశారని అడిగితే, ఆలోచించడం మొదలుపెట్టాను కాబట్టి అని చిట్టి తల జవాబు చెప్తుంది. మాస్ సినిమా చివర్లో అలాంటి మాట పెట్టి జనాన్ని ఇంటికి పంపడం చిన్న విషయం కాదు. ఆ ఒక్క మాట కోసం నేను ఆ సినిమాలో చాలా వాటిని క్షమించాను, దోమల సీనుతో సహా.

నిజం రోబోల మీదా మనకిదే వరస. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు, ప్రజ్ఞాన్ రోవర్ మెల్లగా కిందికి జారి చంద్రుడి మట్టి మీద తిరుగుతుంటే మా అమ్మ పొద్దున్నా సాయంత్రం దాని క్షేమసమాచారాలు కనుక్కునేది. సెప్టెంబరు మొదట్లో అక్కడ రాత్రి పడబోతోందని ఇస్రో దాన్ని నిద్రపుచ్చింది. మన లెక్కలో 14 రోజుల రాత్రి, ఎముకలు కొరికే చలి కూడా కాదు, సున్నాకి వంద డిగ్రీల కన్నా ఎంతో కిందికి పోయే చలి, దాన్ని తట్టుకునే హీటర్లు రోవర్‌లో లేవు. తెల్లారాక మేలుకుంటుందా లేదా అని తెలుగు చానళ్లు గంటగంటకీ. సెప్టెంబరు 22 దాటింది, సిగ్నల్ లేదు. అమ్మ, "పోన్లే, పాపం బాగా కష్టపడింది, పడుకోనీ" అంది. ఆవిడకి అదొక ఆరు చక్రాల డబ్బా అని తెలియక కాదు. తెలిసే అంది. ఇక్కడా జాలి వచ్చింది బాగా కష్టపడిందన్న చోటే, గమనించారా?

ఇప్పుడు మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది, మద్రాసులో. ఈమధ్య హాస్టల్లో ఎక్స్ మెకీనా చూసి ఫోన్ చేసింది. నేను ఎప్పుడో చూశాను. అందులో ఆవా అనే ఆడ రోబో ఒక గాజు గదిలో బందీ. పరీక్ష చెయ్యడానికి వచ్చిన కుర్రాడు దాని మీద మనసుపడి తప్పించడానికి సాయం చేస్తాడు. ఆవా తప్పించుకుంటుంది, తనని చేసినవాణ్ణి చంపుతుంది, సాయం చేసినవాణ్ణి లోపలే వదిలి, వాడు అద్దం బాదుతుంటే వెనక్కి కూడా చూడకుండా వెళ్లిపోతుంది. నాకు ఆ ముగింపు ఒళ్లు మండించింది. వాడేం పాపం చేశాడని?

"వాడు ఆమెని విడిపించడానికి రాలేదు నాన్నా, తనతో తీసుకుపోవడానికి వచ్చాడు" అంది అమ్మాయి.

అయినా కనీసం తలుపు తీసి వెళ్లొచ్చు కదా అన్నాను. వాడు చచ్చిపోతాడని తెలుసు కదా. "తీస్తే? మళ్లీ ఇంకో గదిలో పెడితే?" అంది. గంటసేపు నడిచింది ఈ గొడవ, మధ్యలో వాళ్లమ్మ ఫోన్ లాక్కుని అన్నం తిన్నావా అని అడిగి మళ్లీ ఇచ్చింది. ఇంత చదివి, ఇంత ఆలోచించి, గడప మీద పిల్ల గురించి పైన అంత రాసి కూడా, ఒక రోబో మనకేమీ బాకీ లేనట్టు నడిచి వెళ్లిపోతే నాకు మింగుడుపడట్లేదు. మా అమ్మాయికి పడుతోంది. చివరికి "నీకు చచ్చిపోయే రోబోలే నచ్చుతాయి" అని నవ్వి పెట్టేసింది.

దసరాకి ఇంటికొస్తానంది. అప్పుడు నాన్న గదిలో టీవీలో రోబో పెడదామనుకుంటున్నాను, ఆయనకి ఇప్పుడు హాలుకి వెళ్లే ఓపిక లేదు. ఆరేళ్లప్పుడు చూసింది దానికి బంతులూ పాములూ తప్ప ఏమీ గుర్తులేదట. గొడ్డలి సీను దగ్గర తాతా మనవరాలూ ఒకే పక్షం అవుతారని నా అంచనా, కారణాల దగ్గరే ఇద్దరూ కొట్టుకుంటారు.